అయిదు అడుగుల మూడు అంగుళాలు

మా అన్నయ్య ఎత్తు అయిదు అడుగుల ఎనిమిది అంగుళాలు. పోలీసులు అన్ని స్టేషన్లకూ పంపిన నోటీసులో మాత్రం అయిదు అడుగుల మూడు అంగుళాలని ఉంది. ఆ సంగతి మాకు తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది.

2022 నవంబరు 17, గురువారం. పొద్దున ఎనిమిదిన్నరకి అన్నయ్య బండి తీసుకుని బయల్దేరాడు. మధ్యాహ్నం భోజనానికి రానని వదినతో చెప్పాడు. 11.40 దాటాక ఫోన్ స్విచ్ఛాఫ్. రాత్రంతా తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాం. మర్నాడు బండి రైల్వే స్టేషన్ పార్కింగ్‌లో దొరికింది. దాన్ని వెతికి పట్టుకున్నది నేనూ మా చిన్నాన్న కొడుకూ. ఇంతవరకూ మాకు దొరికిన ఆనవాలు అదొక్కటే.

ఆ రోజే పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. "ఇరవై నాలుగు గంటలు కాకుండా మిస్సింగ్ కేసు కట్టరమ్మా" అన్నారు స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్ గారు. గంటలు లెక్కపెట్టుకుని మర్నాడు వెళ్తే, "మగాడు కదా, వస్తాడులే. ఇంట్లో ఏమన్నా గొడవలా?" అని వదిన మొహంలోకి చూశారు. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న రూల్ ఏ చట్టంలోనూ లేదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు తెలిసినా ఏం చేసేదాన్నో చెప్పలేను. స్టేషన్‌లో ఆ చెక్క బెంచీ మీద కూర్చున్నాక మనకి తెలిసిన చట్టం కూడా గుర్తుకు రాదు.

చివరికి 20వ తేదీన, తెలిసినవాళ్ల చేత ఫోన్ చేయిస్తే కేసు కట్టారు. ఇంటి దగ్గర రెండు పేజీల ఫిర్యాదు రాసుకుని వెళ్లాను. రైటర్ గారు చదివి, "ఇంత కథ అక్కర్లేదు, నేను చెప్తా రాయండి" అన్నారు. పదకొండు లైన్లకు కుదించేశారు. అంతకు ముందు రెండు వారాలుగా ఎవరో అన్నయ్యకి పదే పదే ఫోన్ చేస్తున్నారనీ, ఫోన్ వస్తే లేచి బయటికి వెళ్లి మాట్లాడేవాడనీ నేను రాసింది అందులో ఎగిరిపోయింది. "అనుమానాలు తర్వాత స్టేట్‌మెంట్‌లో చెప్దురుగాని" అన్నారు. సంతకం పెట్టాను. ఆ తర్వాత అయిదు నెలల దాకా నా స్టేట్‌మెంట్ ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే మొదట ఇదే చెప్తాను. ఎవరేమన్నా సరే, అనుమానం ఉన్న ముక్క మొదటి కాగితంలోనే ఉండాలి. వాళ్లు రాయనివ్వకపోతే అదే ఫిర్యాదు రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీ ఆఫీసుకి పంపాలి. ఆ పోస్టు రసీదే మన దగ్గరుండే రుజువు.

ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, ఇచ్చారు కూడా. సెక్షన్ అని ఉన్న చోట "మ్యాన్ మిస్సింగ్" అని ఉంది. అదేదో సెక్షన్ పేరే అనుకున్నాను. కాదు. ఐపీసీలో అలాంటి నేరమే లేదు, ఇప్పుడొచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ లేదు. ఒక మేజర్ తన ఇష్టంతో ఇల్లు వదిలి వెళ్లడం నేరం కాదు కాబట్టి, నేరం జరిగిందో లేదో తెలియని ఫైలుకి అదొక లేబుల్. ఈ ముక్క అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది గానీ, మా కేసులో జరిగిన సగం సంగతులకి మూలం ఇక్కడే ఉంది. నేరం లేదంటే నిందితుడు లేడు, చార్జిషీట్ లేదు, "ఎంతవరకు వచ్చింది" అని తేదీ వేసి అడిగే కోర్టూ లేదు. పిల్లలు తప్పిపోతే ఇలా కాదు. 2013 మే 10న సుప్రీంకోర్టు బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో, మైనర్ కనిపించకపోతే కిడ్నాప్‌గానో అక్రమ రవాణాగానో భావించి ఎఫ్ఐఆర్ కట్టి మొదలుపెట్టాలని చెప్పింది. ముప్పై నాలుగేళ్ల మా అన్నయ్యకి అలాంటి రక్షణ ఏదీ లేదు.

మొదటి ఆరు నెలలు నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "సార్, ఏమన్నా తెలిసిందా?" దానికి జవాబూ ఒక్కటే. "ప్రయత్నం చేస్తున్నామమ్మా." ఎస్సై గారు మంచిగానే మాట్లాడేవారు. ఒకసారి నీళ్లు తెప్పించి ఇచ్చారు. ఇంకోసారి నా ముందే అయిదు ఫోన్లు మాట్లాడారు. ఒకటి యాక్సిడెంట్, ఒకటి ఎవరో మంత్రి వస్తున్నాడని బందోబస్తు, ఇంకొకటి భార్యాభర్తల గొడవ. ఆ టేబుల్ మీద మా ఫైలు అడుగున ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఇందులో కుట్ర ఏమీ లేదని ఈ రోజుకీ నేను నమ్ముతాను. మా బంధువుల్లో కొందరు "వాళ్లకి డబ్బులు ముట్టాయి" అన్నారు. ఎవరిస్తారు, ఎందుకిస్తారు? ఎవరి పనీ కాని పని ఎవరూ చేయలేదు, అంతే.

2023 ఏప్రిల్‌లో ఆ ఎస్సై గారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన మొదటిసారి వెళ్లినప్పుడు "ఏ కేసమ్మా?" అన్నారు. అంతా మొదట్నుంచీ చెప్పాను. ఆగస్టులో ఆయనా వెళ్లిపోయారు. మూడో ఆయన కూడా "ఏ కేసమ్మా?" అన్న రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. మా ఆఫీసులో ఒకాయనకి భూమి గొడవలో సమాచార హక్కు చట్టం బాగా అలవాటైంది. "నువ్వు మనుషుల్ని అడుగుతున్నావు. మనుషులు మారిపోతారు. ఫైల్ని అడుగు" అన్నాడు.

పది రూపాయల ఫీజుతో నేను పెట్టిన మొదటి దరఖాస్తు పనికిరానిది. "మా అన్నయ్య కేసులో ఎందుకు నిర్లక్ష్యం చేశారు?" అని రాశాను. ఆ చట్టం కింద కాగితాల్లో ఉన్న సమాచారం ఇస్తారు గానీ, ఎందుకు అన్నదానికి సంజాయిషీ ఇవ్వరు. వాళ్లకి నేనే దారి చూపించాను. "దర్యాప్తు కొనసాగుతున్నందున సెక్షన్ 8(1)(హెచ్) ప్రకారం ఇవ్వలేము" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ సెక్షన్ తెరిచి చదివితే, దర్యాప్తుకి ఆటంకం కలిగించే సమాచారం ఇవ్వక్కర్లేదని ఉంది. దర్యాప్తు నడుస్తోంది కాబట్టి ఏదీ ఇవ్వక్కర్లేదని లేదు. 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది. దర్యాప్తు ఉందన్నంత మాత్రాన చాలదు, ఇస్తే ఎలా ఆటంకమో చూపించాలని. ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేశాను, ఆ తీర్పు పేరు రాశాను. దాంతోపాటు కొత్త దరఖాస్తు ఒకటి పెట్టాను. ఈసారి "ఎందుకు" అన్న మాటే వాడలేదు. కాల్ డేటా కోసం టెలికాం కంపెనీకి ఏ తేదీన లేఖ పంపారు? ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అడిగారు? పార్కింగ్ సీసీటీవీ ఫుటేజీ కోసం ఏ తేదీన రాశారు, వచ్చిన జవాబు కాపీ ఇవ్వండి. అన్ని స్టేషన్లకూ పంపిన నోటీసు కాపీ ఇవ్వండి. విచారణాధికారులు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎవరెవరు? అన్నీ తేదీలే. ఇందులో ఏదిచ్చినా ఎవరి దర్యాప్తూ ఆగదు.

నవంబరు చివర్లో కవరు వచ్చింది. నాలుగు కాగితాలు, మూలకి ట్యాగు కట్టి ఉన్నాయి. అన్నయ్య పోయి అప్పటికి ఏడాది. (చూశారా, "పోయి" అని రాశాను. మా ఇంట్లో ఈ మాట మీద పెద్ద గొడవే అయింది. "వెళ్లి" అనాలంటుంది అమ్మ.)

పార్కింగ్ ఫుటేజీ కోసం లేఖ రాసింది 2022 డిసెంబరు 29న. అంటే నలభై రెండు రోజులకి. చాలా చోట్ల సీసీటీవీ రికార్డర్లలో పదిహేను, ముప్పై రోజులకి పాతది చెరిగిపోయి దాని మీదే కొత్తది ఎక్కుతుంది. జవాబు ఒక్క లైను: ఫుటేజీ అందుబాటులో లేదు. కేసు కట్టిన రోజే నేను ఆ పార్కింగ్ రసీదు ఎస్సై గారి టేబుల్ మీద పెట్టాను.

కాల్ డేటా అడిగింది 2023 జనవరి 9న. అదీ నవంబరు 15 నుంచి 17 వరకు, మూడు రోజులకే.

నాలుగో కాగితం నోటీసు. పోలీసు భాషలో హ్యూ అండ్ క్రై నోటీసంటారు. పెళ్లి ఫోటోలోంచి కత్తిరించిన మొహం, జిరాక్స్ మీద జిరాక్స్ తీసి మీసం ఎక్కడో నోరెక్కడో తెలియనంత నల్లగా అయిపోయింది. చామనఛాయ, సన్నటి శరీరం, తెలుగు మాట్లాడగలడు. ఎత్తు 5'3". ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ సంగతి లేనే లేదు.

లేచి వెళ్లి నా దగ్గరున్న ఫిర్యాదు కాపీ తీశాను. నా చేతిరాతలో 8 ఎడమ వైపు సరిగ్గా మూసుకోదు. హడావిడిలో రాస్తే 3 లాగే ఉంటుంది. టైపు చేసినాయనకి అలాగే కనపడి ఉంటుంది. ఆ రాత్రి వదినకి చెప్పలేదు. మూడు రోజుల తర్వాత చెప్పాను. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు తప్పు రాస్తే, ఏడాదిలో ఒక్కరైనా ఫోన్ చేసి అడగాలి కదా" అంది. ఆ మాట నన్ను ఓదార్చడానికే అందని నాకు తెలుసు.

ఈ నాలుగు కాగితాలు పట్టుకుని, అర్జీలు తీసుకునే సోమవారాల్లో ఎస్పీ ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాను. అప్పట్లో ఆ కార్యక్రమాన్ని స్పందన అనేవాళ్లు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పేరేదైనా క్యూ ఒకటే, టోకెన్ ఒకటే. మొదటిసారి అర్జీ కింద స్టేషన్‌కే ఎండార్స్ చేశారు. అంటే నేను ఎవరి మీద అడుగుతున్నానో వాళ్ల దగ్గరికే నా కాగితం తిరిగి వెళ్లింది. ఆ సాయంత్రం స్టేషన్ నుంచి ఫోన్. "మా మీద కంప్లైంట్ ఇచ్చారంటగా మేడమ్." అప్పటిదాకా "అమ్మా" అన్నవాళ్లు ఆ రోజు నుంచి "మేడమ్" అనడం మొదలుపెట్టారు. వారం తర్వాత వదినని స్టేషన్‌కి పిలిచి మూడు గంటలు కూర్చోబెట్టారు. పెళ్లై ఎన్నేళ్లు, మీ ఇద్దరి మధ్య ఎలా ఉండేది, మీ ఫోన్ చూపించండి. ఇంట్లోవాళ్లని అడగడం దర్యాప్తులో భాగమే, కాదనను. కానీ ఆ ప్రశ్నలు 2022 నవంబరులో అడగాల్సినవి. నేను అర్జీ పెట్టిన వారానికి అడిగితే దాని అర్థం వేరేగా ఉంటుంది. "ఇంక వదిలెయ్యి, నీకు దండం పెడతా" అంది వదిన. రెండు నెలలు వదిలేశాను కూడా.

మళ్లీ కదిలింది వదినే. బ్యాంకులో అన్నయ్య పేరుతో ఉన్న డబ్బు తీయాలంటే మరణ ధృవీకరణ పత్రం తెమ్మన్నారు. మనిషి కనిపించకుండా ఏడేళ్లు గడిచి, అతని గురించి తెలియాల్సినవాళ్లకి ఏమీ తెలియకపోతేనే చనిపోయినట్టు కోర్టు భావిస్తుంది. ఎవిడెన్స్ యాక్ట్‌లో 108వ సెక్షన్ అది, కొత్త సాక్ష్య చట్టంలో 111. ఆ లెక్కన మాకు 2029 నవంబరు. కౌంటర్ దగ్గర నుంచే వదిన నాకు ఫోన్ చేసి, "లాయర్ దగ్గరికి ఎప్పుడు వెళ్దాం?" అంది.

హైకోర్టులో హెబియస్ కార్పస్ వేద్దామని నా ఆశ. సినిమాల్లోలాగా మనిషిని తెచ్చి కోర్టులో నిలబెట్టమంటారనుకున్నాను. లాయర్ గారు ఫైలంతా చదివి, "ఎవరో అక్రమంగా నిర్బంధించారని చూపించడానికి మీ దగ్గర ఏముంది? ఏమీ లేకుండా వేస్తే, ఇది మిస్సింగ్ కేసు, పోలీసులు చూసుకుంటారని పక్కన పెట్టొచ్చు" అన్నారు. దర్యాప్తు సరిగ్గా లేకపోతే మొదట మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలని సుప్రీంకోర్టు సకిరి వాసు కేసులో ఎప్పుడో చెప్పింది. కానీ మేజిస్ట్రేట్ పట్టించుకోవాలంటే కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు నేరుగా కేసు కట్టి దర్యాప్తు చేయగల నేరం ఉండాలి, మన ఎఫ్ఐఆర్‌లో నేరమే లేదు. "కాబట్టి ముందు ఆ ఫోన్ కాల్స్ సంగతి రికార్డులోకి ఎక్కించండి, సెక్షన్ ఆల్టర్ చేయమని అర్జీ పెట్టండి. వాళ్లు చేయకపోతే అప్పుడు మనకి కోర్టులో మాట్లాడటానికి ఒక మాట ఉంటుంది." మొదటి రోజు నా ఫిర్యాదులోంచి కొట్టేయించిన లైను కోసం ఏడాదిన్నర తర్వాత మళ్లీ అర్జీ రాస్తున్నానన్నమాట.

అప్పటికి 2024 ఎన్నికలు. మే 13 పోలింగ్ దాటేదాకా ఎవరిని అడిగినా బందోబస్తు అనే మాటే. తర్వాత ప్రభుత్వం మారింది, అధికారుల బదిలీలు. ఈసారి మాత్రం బదిలీ మా మేలుకే జరిగింది. ఆగస్టు చివర్లో వచ్చిన ఎస్సై గారు, నాకంటే చిన్నవాడేమో, "ఏ కేసమ్మా?" అనలేదు. నా నాలుగు కాగితాలూ చదివి, కాసేపు ఊరుకుని, "కాల్ డేటా మూడు రోజులకే తీశారా?" అన్నారు, ఎవరినో అడుగుతున్నట్టు.

టెలికాం కంపెనీలు కాల్ రికార్డులు కనీసం రెండేళ్లు దాచాలి. 2021 డిసెంబరు ముందు అది ఏడాదే ఉండేది. సెప్టెంబరు మొదటి వారంలో ఆయన లేఖ పంపారు. అంటే 2022 సెప్టెంబరుకి ముందువి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉన్న రెండున్నర నెలలవీ వచ్చాయి. నేను మొదటి రోజు చెప్పిన ఆ కాల్స్ చేసిన నంబర్ అందులో ఉంది. రెండు వారాల్లో అరవై ఒక్క కాల్స్. సిమ్ వేరే రాష్ట్రం మనిషి పేరు మీద ఉంది, ఆ అడ్రసులో అలాంటి మనిషి లేడు, నంబర్ ఎప్పుడో ఆగిపోయింది. లోన్ యాప్ రికవరీవాళ్లై ఉంటారని ఎస్సై గారి అనుమానం. అన్నయ్య అలాంటి యాప్‌లో అప్పు తీసుకున్నాడో లేదో వదినకి తెలియదు. అక్కడితో ఆ దారి ఆగింది. ఆ నంబర్ ఎవరిదో 2022 నవంబరులోనే వెతికి ఉంటే అన్న ఆలోచన నాకు స్నానం చేస్తున్నప్పుడు కూడా వస్తుంది.

ఎస్సై గారు చేసిన రెండో పని నోటీసు మార్చడం. అన్నయ్య ఒక్కడే ఉన్న ఫోటో ఇచ్చాను. ఎత్తు 5'8", మచ్చ ఎక్కడో, ఎంతో. టైపు అయ్యాక నా చేతికిచ్చి, "ఒక్కో అక్షరం చదివి సంతకం పెట్టండి" అన్నారు. తర్వాత అడిగారు, "రైల్వే పోలీసులవి చూశారా?" చూడలేదు. పట్టాల మీద, ప్లాట్‌ఫారం మీద దొరికిన గుర్తు తెలియని మృతదేహాల కేసులు రైల్వే పోలీసులవి. వాటి రిజిస్టర్లు వేరు, స్టేషన్లు వేరు. మామూలు స్టేషన్ నుంచి నోటీసు వెళ్తుంది, అక్కడివాళ్లు ఎత్తూ వయసూ చూసి సరిపోదనుకుంటే పక్కన పెడతారు. 5'3" మనిషి కోసం చూస్తున్నవాళ్లు 5'8" మనిషి దగ్గర ఎందుకు ఆగుతారు?

2025 జనవరిలో వెళ్లాను. వదిన రానంది, చిన్నాన్న కొడుకు వచ్చాడు. హెడ్ కానిస్టేబుల్ గారు, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నట్టున్నారు, పాత ఫైళ్లు తీసి వయసూ ఎత్తూ కలిసేవి నాలుగు పక్కకి పెట్టారు. "కళ్లు తిరుగుతాయేమో, ముందు నీళ్లు తాగమ్మా" అన్నారు. మూడు ఫోటోలు చూడగానే కాదని తెలిసిపోయింది. నాలుగోది 2022 నవంబరు 19. మొహం గుర్తుపట్టేలా లేదు. 170 సెంటీమీటర్లు. ఎడమ చెయ్యి గురించి ఏమీ రాయలేదు. నా చేతులు చల్లబడిపోయాయి.

బట్టల ఫోటోలు వేరే కవర్లో ఉన్నాయి. కింద పేపర్ పరిచి, చొక్కా చాపి తీశారు. గీతల చొక్కా. కాలర్ లోపలి లేబుల్‌ని దగ్గరగా తీసిన ఫోటో ఇంకోటి ఉంది. నీలం దారంతో కుట్టిన టైలర్ పేరు. మా అన్నయ్య జన్మలో చొక్కా కుట్టించుకోలేదు, అన్నీ రెడీమేడ్‌లే. ప్యాంటు నడుము సైజు కూడా రెండంగుళాలు తేడా. కాదు. వాడు కాదు. చిన్నాన్న కొడుకు గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఫైలు మూస్తున్న హెడ్ కానిస్టేబుల్ గారిని ఆపి, ఆ లేబుల్ ఫోటో మళ్లీ చూపించమన్నాను. టైలర్ పేరు కింద చిన్న అక్షరాల్లో సెల్ నంబర్ ఉంది. పది అంకెలూ చదవడానికి వస్తున్నాయి.

"సార్, ఈ నంబర్‌కి ఎవరైనా ఫోన్ చేశారా? ఏ తేదీన?"

ఆయన ఫైలు వెనక్కి తిప్పారు. ఒక్కో కాగితం చూసుకుంటూ మొదటి పేజీ దాకా వెళ్లారు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, లేబుల్ ఫోటోని కిటికీ వైపు పట్టుకుని, ఆ నంబర్ అరచేతిలో రాసుకోవడం మొదలుపెట్టారు.